బసవపున్నారావు గారి ముందద్దం

ఆ ఆదివారం పొద్దున బసవపున్నారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కారుకు ముందద్దం బిగించాలి. భార్య భారతిని ఆ కారులో కూర్చోబెట్టుకుని రెడ్డిగూడెంలోని ఆమె పుట్టింటికి తీసుకెళ్ళి, చీకటి పడేలోగా తిరిగి నూజివీడు తీసుకురావాలి. అంతే. ఇంత చిన్న పథకానికి కూడా లోకం అడ్డుపడితే మనిషికి ఒళ్ళు మండదా? మండింది. కాఫీలో పంచదార తక్కువైనప్పుడే కొంత మండింది, మిగతాది రోజంతా మండుతూనే ఉంది.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. ఎర్రటిది, రెండే సీట్లది, ఎప్పుడో ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది, అది ఏనాడో చిరిగిపోయింది. మామిడికాయల వ్యాపారికి ఇలాంటి కారు ఎందుకని ఊళ్ళో అడగనివాడు లేడు. వాళ్ళు కొనుక్కునే స్థలాల గురించి, వాళ్ళ ఆవిడలు కొనుక్కునే వడ్డాణాల గురించి ఆయన ఏనాడూ ఒక్క ప్రశ్న వేయలేదు. అలాంటప్పుడు వాళ్ళకు ఆ హక్కు ఎవరిచ్చారని ఆయన బాధ. ఇంజను అందుకున్న చప్పుడు వింటే చాలు, బసవపున్నారావుకు కడుపు నిండిపోయేది. ఆ సుఖం ఎవరికి చెప్పినా అర్థం కాదు కాబట్టి చెప్పడం మానేశాడు.

కిందటి వేసవిలో షెడ్డు ముందు నిలిపి ఉంచిన ఆ కారు మీద కలెక్టరు మామిడికాయ ఒకటి రాలిపడింది. ముందద్దం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బీట తీసింది. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ "మామిడిచెట్టు కింద ఎవరైనా కారు పెడతారా అండీ?" అన్నాడే గానీ, నూజివీడులో మామిడిచెట్టు లేని చోటు ఎక్కడుందో ఒక్కడూ చూపించలేదు. కొత్త అద్దాన్ని కోయంబత్తూరులో కొలతలిచ్చి చేయించాడు. అద్దాన్ని చట్రంలో పట్టి ఉంచే నల్ల రబ్బరు మాత్రం మన దేశంలో దొరకలేదు. అది లండన్ నుంచి ఓడెక్కి, ఎక్కడెక్కడో ఆగి, వానలు కురిసి వెలిసి, మామిడిచెట్లు మళ్ళీ పూసి కాసిన తరువాత ఇంటికి చేరింది.

ఈలోగా భారతికి విసుగొచ్చింది. సీజను ముంచుకొచ్చింది. కాయల ట్రేలు పెట్టడానికి చోటు లేదు. కదలని కారు షెడ్డంతా ఆక్రమించుకుని కూర్చుంది.

"నేను ఎక్కువ అడగట్లేదు" అంది ఆవిడ. "ఈ ఆదివారం లోగా ఆ కారు నన్ను మా పుట్టింటికి తీసుకెళ్ళి, తీసుకురావాలి. తెచ్చిందా, జీవితాంతం ఉంచుకోండి. లేదంటే సోమవారం మా తమ్ముడు చూసిన హైదరాబాదు ఆయనకి ఇచ్చెయ్యండి. నేను షెడ్డులో ట్రేలు పెట్టుకుంటా."

ఆ తమ్ముడి పేరు కిషోర్ బాబు. మంచివాడే. అడక్కుండా సాయం చేస్తాడన్నదొక్కటే అతనిలో లోపం. కొనేవాణ్ణి వెతకమని బావగారు అతన్ని ఏనాడూ అడగలేదు.

అద్దాలు బిగించే సలోమోను ఉదయాన్నే తెల్ల చొక్కాతో వచ్చాడు. రబ్బరును అటూ ఇటూ వంచి చూసి పెదవి విరిచాడు.

"గట్టిగా ఉంది సార్. ఇలాగే తొడిగితే అద్దం మూల పుటుక్కుమంటుంది. కాసేపు ఎండలో పడేయండి, మెత్తబడుద్ది. నేను చర్చికెళ్ళి ఆరాధన అవగానే వచ్చేస్తా. ఈలోగా సన్నటి తాడొకటి చూసుంచండి. గట్టిది కావాలి."

"తాడెందుకయ్యా అద్దానికి?"

"రబ్బరు గాడిలో తాడు పెట్టి, బయట నుంచి నేను అద్దం నొక్కుతుంటే లోపల నుంచి మీరు తాడు లాగాలి సార్. అప్పుడే రబ్బరు అంచు చట్రం మీదకి ఎక్కుద్ది."

బసవపున్నారావు రబ్బరు పట్టుకుని డాబా ఎక్కాడు. అక్కడ భారతి ఆ ఏటి ఆవకాయ పెడుతోంది. గుడ్డ మీద ముక్కలు, బేసిన్ల నిండా ఆవపిండి, కారం, పక్కన ఎండబెట్టిన పెద్ద జాడీ. ఆవిడ మాత్రం నూనె తేవడానికి కిందికి దిగింది. ఆయన రబ్బరును నీళ్ళ ట్యాంకు పక్కన ఎండ బాగా తగిలేచోట పరిచి, చుట్టూ చూశాడు. జాడీ పక్కనే సన్నటి తాడొకటి చక్కగా చుట్టి ఉంది. సలోమోను చెప్పినట్టే ఉంది. తీసి జేబులో వేసుకుని కిందికి వచ్చేశాడు. వెతక్కుండానే వస్తువు దొరికినందుకు ఆయనకు ఆ పొద్దుటి నుంచి మొదటిసారి కాస్త నెమ్మదిగా అనిపించింది.

కాసేపటికి కిషోర్ బాబు ఆటోలో దిగాడు. ఏటా అక్క చేతి ఆవకాయ రెడ్డిగూడెం వెళ్ళాల్సిందే. అతని భార్య ఉమ పెడితే బూజు పడుతుందని ఆ ఇంట్లో ఒక నమ్మకం ఉంది, ఆ నమ్మకం పోగొట్టడానికి ఉమ ఎప్పుడూ ప్రయత్నించలేదు. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి, దారిలో ఎవరి దిష్టీ తగలకుండా పైనుంచి కిందిదాకా పాతచీర చుట్టి సిద్ధంగా ఉంచింది భారతి. దాన్ని మెట్లు దింపి ఆటో ఎక్కించడానికి బసవపున్నారావు కూడా ఒక చెయ్యి వేశాడు.

"బావా, హైదరాబాదు ఆయన రేపు పొద్దున్నే వచ్చేస్తున్నాడు. కారు ఎక్కించుకోవడానికి లారీ కూడా తెచ్చుకుంటున్నాడంట" అన్నాడు కిషోర్ బాబు సంతోషంగా.

లారీ కూడానట! అంటే కారు కదలదని వీళ్ళంతా ముందే తేల్చేసుకున్నారన్నమాట. బసవపున్నారావు పళ్ళు నూరుకుంటూ, రబ్బరు మెత్తబడిందేమో చూద్దామని డాబా ఎక్కాడు. ట్యాంకు పక్కన ఎండ ఉంది, రబ్బరు లేదు. ట్యాంకు వెనక చూశాడు. ముక్కలు ఆరబెట్టిన గుడ్డ ఎత్తి చూశాడు. పిట్టగోడ మీద నుంచి వంగి వీధిలోకి చూస్తే, కిషోర్ బాబు ఆటోలో కూర్చుని డ్రైవరుతో "పోనీ" అంటున్నాడు. అంతే, ఆయనకు సర్వం అర్థమైపోయింది. అరుస్తూ మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తాడు.

"ఆపరా ఆటో!"

"ఏంటి బావా?"

"దిగు! ఏంటో నీకు తెలుసు. నా పార్టు ఎక్కడ పెట్టావ్?"

"ఏం పార్టు?"

"ఏం పార్టా? లండన్ నుంచి వచ్చిన పార్టు! అది లేకపోతే అద్దం నిలవదని, అద్దం నిలవకపోతే కారు అమ్మేస్తానని నీ ఎత్తు!"

వీధిలో జనం పోగయ్యారు. పోయింది ఏమిటని వాళ్ళూ అడిగారు. "పార్టు, లండన్ పార్టు" అన్నాడే తప్ప అది ఎలా ఉంటుందో ఆయన ఒక్కరికీ చెప్పలేదు. కోపంలో ఉన్నప్పుడు వివరాలు చెప్పడం ఆయనకు నామోషీ. తనే కిషోర్ బాబు చొక్కా జేబులు తడిమాడు. సంచి బోర్లించాడు. సీటు కింద చూడాలంటే జాడీ అడ్డొచ్చింది. అది దొర్లి పగలకుండా తనే రెండు చేతులా గుండెకు పొదువుకుని, డ్రైవరు చేత సీటు ఎత్తించి మరీ చూశాడు. కింద జాకీ, ఒక చెప్పు కనిపించాయి.

భారతి గుమ్మంలోకి వచ్చింది. "మా తమ్ముడు దొంగా?"

"నేను దొంగ అనలేదు."

"జేబులు తడిమారు! నలుగురిలో తడిమారు!"

"అక్కా, నువ్వూరుకో" అన్నాడు కిషోర్ బాబు. "ఈ గుమ్మం ఇక తొక్కను. ఆవకాయ మాత్రం తీసుకెళ్తున్నా. అది నీ చేతిది కాబట్టి." బావగారి చేతుల్లోంచి జాడీ లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆరాధన ముగించుకుని సలోమోను వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగలేదు. సంగతి విని అతను తల అడ్డంగా ఊపాడు. "రబ్బరు లేకుండా అద్దం పెడితే మొదటి గోతిలోనే మీ ఒళ్ళో పడుద్ది సార్" అన్నాడు. బసవపున్నారావు అతని మీద కూడా కేకలేశాడు. ఎండలో పెట్టమన్నది ఎవరు? అసలు ఆ సలహా ఇవ్వకుండా ఉంటే ఈ గొడవ ఉండేదా? ఇంతలో షెడ్డులోంచి తలుపు ధడాలున మూసిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే, కొన్నప్పటి నుంచీ ఒక్కసారి కూడా ఎక్కని భారతి, కారులో ఎడంపక్క సీట్లో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పోనివ్వండి" అంది.

"ఎక్కడికి?"

"మా తమ్ముడి దగ్గరికి. తప్పయిందని చెప్పడానికి."

"కాయల బొలెరో రానీ."

"అది లోడుతో వెళ్ళింది, ఎప్పుడొస్తుందో. మీరొచ్చి చెప్పేదాకా వాడు అన్నం ముట్టడు, నాకు తెలుసు."

"అద్దం లేదే! కనిపించట్లేదా? అద్దం లేకుండా ఎలా నడుపుతారు?"

"సిగ్గు లేకుండా బతుకుతున్నారుగా! అద్దం లేకుండా నడపలేరా?"

సలోమోను అటు తిరిగి దగ్గాడు. బసవపున్నారావు ఆ దగ్గు కూడా మనసులో పెట్టుకున్నాడు. షెడ్డులో వేలాడుతున్న తన గుమస్తా హెల్మెట్టు తలకు బిగించి, ఇంజను తిప్పాడు. అన్నాళ్ళ తరువాత కూడా అది మొదటి పిలుపుకే పలికింది. ఆ సంగతి ఎవరూ గమనించకపోవడం ఆయన్ను మరింత బాధపెట్టింది. భారతి కొంగు తలచుట్టూ తిప్పి, ఆయన నల్లకళ్ళద్దాలు అడక్కుండా తీసి పెట్టుకుంది.

ఊరు దాటాక అసలు నరకం మొదలైంది. ముందు పోతున్న మామిడి లారీలోంచి వరిగడ్డి ఎగిరొచ్చి ఆయన మీసాల్లో చిక్కుకుంది. ఎర్రదుమ్ము హెల్మెట్టు లోపలికే దారి వెతుక్కుంది. ఏదో పురుగు నోట్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. తోటల్లో కాయలు కోస్తున్నవాళ్ళు చిక్కాలు కట్టిన గెడలు దించి మరీ చూశారు. ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది జనం చూపించే శ్రద్ధ. మోటార్ సైకిలు మీద ఎదురొచ్చినవాడు ప్రత్యేకం ఆగి, "అద్దం మర్చిపోయారండీ!" అని కేకేశాడు. టీకొట్టు దగ్గర గేదెలు అడ్డొచ్చి బండి ఆపితే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, అద్దం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి అటూ ఇటూ ఆడించి చూశాడు.

"ఇక్కడ అద్దం ఉండాలి కదండీ?"

"ఉంది! ఇంట్లో ఉంది!"

"ఇంట్లో ఎందుకండీ? కారుకి పెట్టుకుంటే గాలి కొట్టదు కదా."

"నాకు తెలీదా!" అని బసవపున్నారావు అరిచిన అరుపుకు గేదెలు తప్పుకున్నాయి, పెద్దాయన తప్పుకోలేదు.

పక్కకు చూస్తే భారతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు. ఎన్ని మాటలన్నా, పెళ్ళయిన ఇన్నేళ్ళుగా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు మాత్రం చూడలేడు ఆయన. వేగం తగ్గించాడు.

"ఎందుకు తగ్గించారు? పోనివ్వండి!" అని ఆవిడ డాష్‌బోర్డు మీద చరిచింది. ఎంత కోపంగా ఉందో అనుకుని ఆయన బిక్కచచ్చి వేగం పెంచాడు.

రెడ్డిగూడెంలో కిషోర్ బాబు ఇంటి అరుగు మీద అప్పటికే ఇరుగుపొరుగు చేరి ఉన్నారు. మనిషి ఒళ్ళంతా ఎర్రదుమ్ముతో, మీసాల్లో గడ్డితో హెల్మెట్టు తీస్తుంటే ముందు ఎవరూ గుర్తుపట్టలేదు. భారతి మోచేత్తో పొడిచింది.

"కిషోరూ, పొరపాటైపోయింది" అన్నాడు బసవపున్నారావు నేల చూస్తూ.

"ఏం పొరపాటో చెప్పండి బావా. వీళ్ళంతా వినాలి."

"నిన్ను అనుమానించాను. నా పార్టు నీ దగ్గర లేదు. నీ ఇంట్లోనూ లేదు. నువ్వు అలాంటివాడివి కాదు." ఒక్కొక్క మాటా పంటికింద రాయిలా నమిలి బయటపెట్టాడు.

కిషోర్ బాబు మనసు వెన్న. వెంటనే లేచి వచ్చి బావగారిని కావలించుకుని తన తెల్లచొక్కా ఎర్రగా చేసుకున్నాడు. పొరుగువాళ్ళు తృప్తిపడ్డారు. "కాళ్ళు కడుక్కోండి అన్నయ్యగారూ, అన్నం వడ్డిస్తా" అంటూ ఉమ, అరుగు మూలనున్న జాడీని లోపల పెట్టడానికి దానికి చుట్టిన పాతచీర విప్పింది.

జాడీ మూతికి తెల్లగుడ్డ. ఆ గుడ్డ మీద సరిగ్గా మూడు చుట్లు తిరిగి, బిగుసుకుని, నిగనిగలాడుతూ లండన్ రబ్బరు.

"అదిగో!" అని బసవపున్నారావు పెట్టిన పొలికేకకు ఉమ జాడీ వదిలేయబోయి పట్టుకుంది. "నేను చెప్పలా! దొం..." అని, అందరి మొహాలూ చూసి, మిగతా అక్షరం మింగేశాడు. ఇప్పుడే కదా లేదని ఒప్పుకున్నాడు!

"ఏంటండీ?" అంది భారతి.

"అదే నా పార్టు!"

"అదా? అది రబ్బరు కదా!"

"రబ్బరే పార్టు!"

"మరి ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఏడవొచ్చు కదా! లండన్ పార్టంటే ఏ ఇనుపదో అనుకున్నా. వాసెన నేనే కట్టాను దాంతో. డాబా మీద పారేసుంటే పాత మోటారుదనుకున్నా."

"పారేయలేదు! ఎండబెట్టాను!"

"రబ్బరు ఎండబెట్టడమేంటి, వడియాలా?"

పొరుగువాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. బసవపున్నారావు భారతి వైపు తిరిగాడు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? సొంత ఇంట్లో సొంత భార్య కొట్టేసిన వస్తువు కోసం, తను గడ్డి తిని, పురుగు మింగి, ఊరి ముందు తలవంచాడు.

"అసలు వాసెనకు తాడు పెట్టుకోవాలని తెలీదా నీకు? ఇన్నేళ్ళ నుంచి ఆవకాయ పెడుతున్నావ్!"

"పెట్టుకున్నాను! జాడీ పక్కనే చుట్టి పెట్టుకున్నాను. నూనె తేవడానికి కిందికెళ్ళొచ్చేసరికి లేదు. ఎవడో కొట్టేశాడు. వాడి చేతులు పడిపోను, వాడి వల్ల కాదూ ఇదంతా!"

బసవపున్నారావు మొహం మీద చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగాడు. రుమాలుతో పాటు సన్నటి తాడొకటి బయటికి వచ్చి, ఉండ విడి, అరుగు మీద చివరిదాకా పరుచుకుంది. కిషోర్ బాబు వంగి తాడు కొస అందుకున్నాడు.

"ఇదేంటి బావా?"

"అది... అద్దానికి."

"నేను మీ జేబులు తడమలేదు బావా, అందరూ చూస్తూనే ఉన్నారు" అన్నాడు కిషోర్ బాబు ఎంతో మర్యాదగా.

 బసవపున్నారావు ఇక గౌరవం గురించి ఆలోచించడం అనవసరమని గ్రహించి, జాడీ దగ్గరికి నడిచాడు. "సరే. తాడుతో కట్టుకోండి. రబ్బరు నాకివ్వండి."

"ముట్టుకోకండి!" భారతి, ఉమ ఒక్కసారే అరిచారు. ఆవకాయ పెట్టాక మూడోరోజు తిరగకలిపేదాకా వాసెన విప్పకూడదు. ఆ మాట రెడ్డిగూడెంలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. "మంగళవారం పొద్దున విప్పి పంపిస్తాలెండి అన్నయ్యగారూ" అంది ఉమ.

"మంగళవారమా! రేపు పొద్దున వాడు లారీతో వస్తున్నాడమ్మా! ఇవాళ అద్దం పెట్టకపోతే నా కారు పోతుంది!" కోపం ఎటు పోయిందో తెలియలేదు. బయట దుమ్ము కొట్టుకుని నిలబడిన ఆ ఎర్రకారును చూస్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

"ఎందుకు పోతుంది?" అంది భారతి.

"నువ్వే కదా షరతు పెట్టావ్!"

"పెట్టాను. కారులో మా పుట్టింటికి తీసుకెళ్ళమన్నాను. తీసుకొచ్చారు. తిరిగి తీసుకెళ్ళమన్నాను. అన్నం తిని బయల్దేరదాం. మధ్యలో అద్దం మాట ఎవరెత్తారు?"

 అద్దం మాట ఎత్తింది బసవపున్నారావే. ఏడాదిగా ఎత్తుతున్నదీ ఆయనే. భారతి నల్లకళ్ళద్దాలు సర్దుకుని, "వచ్చేటప్పుడు ఎంత బాగుందనుకున్నారు! నవ్వు ఆపుకోలేక చచ్చాను. వెళ్ళేటప్పుడు చాట్రాయి వైపు నుంచి తిప్పి తీసుకెళ్ళండి" అంది.

సోమవారం వచ్చిన హైదరాబాదు ఆయన్ను భారతే గుమ్మంలో ఆపి, చిన్నరసాలు ఒక బుట్ట చేతిలో పెట్టి, ఖాళీ లారీతో సహా వెనక్కి పంపించింది. మంగళవారం మధ్యాహ్నానికి రబ్బరు వచ్చింది. రెండు రోజులు నువ్వులనూనె ఊరిన గుడ్డను పట్టుకుని ఉండటంతో లేత తమలపాకులా మెత్తబడి ఉంది. సలోమోను అద్దం నొక్కాడు, బసవపున్నారావు తాడు లాగాడు, రబ్బరు చట్రం మీద చప్పుడు లేకుండా కూర్చుంది. ఆయన అద్దాన్ని పంచె కొంగుతో తుడిచి తుడిచి చూసుకున్నాడు. తరువాత భారతిని సగర్వంగా ఎక్కించుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళాడు.

"ఆపండి" అంది ఆవిడ.

"ఏమైంది?"

"గాలి రావట్లేదు. మొన్నటిలా లేదు, ఉక్కపోస్తోంది. ఇది తీయించెయ్యండి."

ఆయన ఏడాది కష్టం గురించి చెప్పాడు. కోయంబత్తూరు గురించి చెప్పాడు. ఓడ గురించి చెప్పాడు. ఆవిడ కొంగుతో విసురుకుంటూ అంతా వింది. సాయంత్రం సలోమోను మళ్ళీ వచ్చి అద్దం ఊడదీసి షెడ్డులో గోడకు ఆనించాడు. రబ్బరును మాత్రం భారతి తీసుకుని, మాగాయ జాడీకి బాగుంటుందంటూ డాబా ఎక్కింది.

ఈసారి దొంగ ఎవరో కళ్ళారా చూసి కూడా బసవపున్నారావు నోరెత్తలేదు.